తలపు నుండి తలుపు వరకు

బ్యాంకుల భద్రపు గదులకు, కార్యాలయాలకు, కొన్ని ఇళ్లకు కూడా ఈనాడు అంకెల మీటలున్న తాళాలు అమరుస్తున్నారు. వీటికి తాళంచెవి ఉండదు. తెలిసినవారు తమ రహస్య సంఖ్యలోని నాలుగు అంకెలను వరుసగా నొక్కితే గడియ తొలగుతుంది. ఒక్క అంకె తప్పినా తలుపు కదలదు. ఆ తాళం లోపల కావలివాడు ఎవడూ లేడు. అయినా వచ్చినవాని మాట నిజమా, అబద్ధమా అని అది విచారించి తీర్పు చెబుతున్నది. ప్రాణం లేని వస్తువుకు ఈ విచక్షణ ఎట్లా అబ్బింది? దానికి ఆధారమైన గణితాన్ని సృష్టించినవాడు విద్యుద్దీపాలు ఇంటింటా వెలగని కాలంలో జీవించాడు. విశ్వవిద్యాలయం గడప తొక్కి చదువుకొనే భాగ్యం ఆయనకు కలగలేదు. ఆయన పేరు జార్జి బూల్.

బూల్ 1815 నవంబరు 2న ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జాన్ బూల్ పాదరక్షలు కుట్టి జీవించేవాడు. తల్లి మేరీ ఆన్ వివాహానికి పూర్వం పరిచారికగా పనిచేసింది. జాన్ బూల్ చేతులు తోలు మీద ఉన్నా మనసు మాత్రం కటకాల మీద ఉండేది. ఆయన దూరదర్శినులను స్వయంగా తయారుచేసేవాడు. తన దూరదర్శినిలోంచి సృష్టి వైభవాన్ని చూడదలచినవారు లోపలికి రావచ్చునని అంగడి కిటికీలో ప్రకటన పెట్టుకొన్న మనిషి ఆయన. అటువంటి వర్తకునికి వ్యాపారం కలిసిరాకపోవడంలో ఆశ్చర్యం లేదు. కొడుకుకు ఆయన ఆస్తి ఇవ్వలేకపోయాడు. గణితం మీద తొలి ఆసక్తిని మాత్రం ఆయనే కలిగించాడు.

బాలుడైన జార్జి మొదట మోహించింది భాషలను. ఊరిలోని ఒక పుస్తక విక్రేత వద్ద లాటిన్ నేర్చుకొన్నాడు. గ్రీకును తనంతట తానే సాధించాడు. పదునాలుగవ ఏట ఒక ప్రాచీన గ్రీకు కవి రచించిన వసంత వర్ణనను ఆంగ్ల పద్యంగా అనువదించాడు. తండ్రి మురిసిపోయి దానిని స్థానిక పత్రికలో ప్రచురింపజేశాడు. అంత చిన్నవాడు అటువంటి అనువాదం చేయడం అసాధ్యమని ఒక ఉపాధ్యాయుడు అదే పత్రికలో ఆక్షేపించాడు. చెప్పులు కుట్టేవాని కొడుకుకు గ్రీకు వచ్చునంటే నమ్మడానికి ఆనాటి సమాజం సిద్ధంగా లేదు. అయితే ఈ భాషా వ్యాసంగం వ్యర్థం కాలేదు. పదాలు ఎట్లా కూడి వాక్యమవుతాయో, ఒక విశేషణం చేరగానే అర్థపరిధి ఎట్లా కుదించుకుపోతుందో బాల్యంలోనే పట్టుకొన్న బుద్ధి ఆయనది. ముందుముందు ఆయన కట్టిన బీజగణితానికి పునాది అక్కడే ఉన్నదని ఈ రచయిత అభిప్రాయం.

తండ్రి వ్యాపారం పూర్తిగా దెబ్బతిన్నది. పదహారేళ్లు నిండేసరికి తల్లిదండ్రులను, ముగ్గురు చిన్నవాళ్లను పోషించే భారం జార్జిపై పడింది. డాంకాస్టర్ పట్టణంలోని ఒక పాఠశాలలో సహాయోపాధ్యాయుడుగా చేరాడు. జీతం స్వల్పం. పుస్తకాలు కొనడమంటే అన్నం తగ్గించుకోవడమే. అప్పుడాయన ఒక లెక్క వేసుకొన్నాడు. కావ్యం కొంటే నాలుగు రోజుల్లో పూర్తవుతుంది. గణితగ్రంథం కొంటే నెలల తరబడి చదువుకోవచ్చు. ఆ విధంగా పేదరికమే ఆయనను గణితం వైపు నడిపించింది. లాక్రువా అనే ఫ్రెంచి పండితుని కలనగణిత గ్రంథాన్ని గురువు సహాయం లేకుండా చదివాడు. అర్థం కాని చోట ఆగి, మరల మరల చదివి ముందుకు సాగాడు. మంచి గురువు దొరికి ఉంటే కొన్నేళ్లు కలిసివచ్చేవని తరువాతి కాలంలో ఆయన బాధపడ్డాడు.

1833లో డాంకాస్టర్ సమీపంలోని పచ్చికబయలులో నడుస్తుండగా ఆయనకు హఠాత్తుగా ఒక ఆలోచన స్ఫురించింది. గ్రహాల గతులను సమీకరణాలలో ఇమిడ్చినట్లే మనిషి ఆలోచనల గతిని కూడా ఇమడ్చలేమా అన్నదే ఆ ఆలోచన. ఈ సంగతిని ఆయన భార్య తరువాత గ్రంథస్థం చేసింది. ఆనాటికి బూల్ వయస్సు పదిహేడు. ఆ తలపు ఫలించడానికి మరో పద్నాలుగేళ్లు పట్టింది. నడుమ బతుకుతెరువు ఉన్నది.

1834లో లింకన్‌కు తిరిగి వచ్చి స్వయంగా పాఠశాల తెరిచాడు. తరువాత వాడింగ్టన్ గ్రామంలోని పాఠశాలను నడిపాడు. 1840లో మళ్లీ లింకన్‌లో వసతి పాఠశాల స్థాపించాడు. పగలంతా పిల్లలకు పాఠాలు, రాత్రి తన చదువు. ఎడ్వర్డ్ బ్రోమ్‌హెడ్ అనే సంపన్న గణితాభిమాని తన గ్రంథాలయంలోని పుస్తకాలను ఎరువిచ్చి ఆదుకొన్నాడు. కేంబ్రిడ్జి గణిత పత్రిక సంపాదకుడైన డంకన్ గ్రెగరీ ఈ పల్లెటూరి ఉపాధ్యాయుని వ్యాసాలలోని కొత్తదనాన్ని గుర్తించి ప్రచురించసాగాడు. కేంబ్రిడ్జిలో చేరి పట్టం పొందాలన్న కోరిక బూల్‌కు కలిగింది. కాని విద్యార్థిగా చేరితే పాఠశాల మూతపడుతుంది. పాఠశాల మూతపడితే ఇల్లు గడవదు. ఆ కోరికను ఆయన అంతటితో విడిచిపెట్టాడు. 1844లో లండనులోని రాయల్ సొసైటీ ఆయన గణిత వ్యాసానికి బంగారు పతకం ప్రదానం చేసింది. పట్టం మాత్రం చేతికి రాలేదు.

1847 నాటికి ఇద్దరు ప్రముఖుల మధ్య తర్కశాస్త్రాన్ని గురించి ఒక వివాదం రేగింది. ఒకరు గణితవేత్త అగస్టస్ డి మోర్గన్. రెండవవారు స్కాట్లండు తత్త్వవేత్త విలియం హామిల్టన్. ఆ వివాదం బూల్‌ను తన పాత ఆలోచన వద్దకు మరలించింది. ఆ ఏడే తర్కాన్ని గణితంగా విశ్లేషించే చిన్న గ్రంథాన్ని వెలువరించాడు.

అంతవరకు తర్కం మాటల్లోనే నడిచింది. మనుష్యులందరూ మరణించేవారే, ఫలానావాడు మనిషి, కనుక అతడూ మరణించేవాడే అనే పద్ధతిని గ్రీసు దేశంలో అరిస్టాటిల్ స్థాపించాడు. మన దేశంలో నైయాయికులు కొండ మీది పొగను చూసి నిప్పును ఊహించే క్రమాన్ని సూక్ష్మంగా చర్చించారు. తెలుగువాడని ప్రసిద్ధి చెందిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం ఇప్పటికీ ఆ శాస్త్రానికి ప్రవేశద్వారం. అయితే ఇవన్నీ భాషాశ్రయాలు. ఒక వాదం సరైనదో కాదో తేల్చాలంటే అర్థం తెలిసిన మనిషి ఉండాలి. బూల్ ఆ అవసరాన్ని తొలగించాడు. వాదాన్ని సమీకరణంగా రాస్తే, అర్థంతో పని లేకుండా లెక్క చేసి ఫలితం చెప్పవచ్చునని చూపాడు.

ఆయన పద్ధతిని ఒక ఉదాహరణతో చూద్దాం. మీ తరగతిలోని కళ్లద్దాలవారందరినీ ఏరి ఒక పక్క నిలబెట్టండి. ఈ ఏరడాన్ని క అందాం. ఏరినవారిలోంచి కళ్లద్దాలవారిని మళ్లీ ఏరండి. వచ్చేది అదే గుంపు. అంటే క × క = క. మామూలు లెక్కల్లో ఇది కుదరదు. రెండును రెండుతో గుణిస్తే నాలుగు వస్తుంది. ఏ సంఖ్యకు ఇది కుదురుతుందని వెదికితే రెండే దొరుకుతాయి. అవి 0, 1. బూల్ దృష్టిలో 0 అంటే ఎవరూ లేకపోవడం, 1 అంటే అందరూ ఉండడం. కళ్లద్దాలు లేనివారు 1 − క అవుతారు. ఒకే మనిషి కళ్లద్దాలవాడూ, కళ్లద్దాలు లేనివాడూ కాలేడు కనుక క × (1 − క) = 0. వేల ఏళ్లుగా తత్త్వవేత్తలు మూలసూత్రంగా చెప్పుకొన్న వైరుధ్య నియమం ఒక చిన్న సమీకరణం నుండి వచ్చిపడింది.

మన తాళాన్ని ఇప్పుడు ఈ దృష్టితో పరిశీలించవచ్చు. యంత్రంలో ప్రతి అంకెను నాలుగు 0, 1 గుర్తులతో రాస్తారు. ఉదాహరణకు ఏడు 0111. తాళంలో దాచిన గుర్తు క, వచ్చినవాడు నొక్కిన గుర్తు చ అనుకొందాం. రెండూ ఒకటేనా అన్నది ప్రశ్న. రెండూ 1 కావాలి, లేదా రెండూ 0 కావాలి. బూల్ పద్ధతిలో రాస్తే క × చ + (1 − క) × (1 − చ). క, చ లకు 0, 1 విలువలను మార్చి మార్చి వేసి చూడండి. రెండూ సమానమైతే ఫలితం 1, భేదిస్తే 0. నాలుగు అంకెలకు ఇటువంటి పోలికలు పదహారు. పదహారు ఫలితాలనూ గుణిస్తే అన్నీ 1 అయినప్పుడే లబ్ధం 1. ఒక్కటి 0 అయినా లబ్ధం 0, తలుపు తెరుచుకోదు. మీ భౌతికశాస్త్ర గ్రంథంలో తర్క ద్వారాలు అనే పేరుతో కనబడేవి ఈ గుణకారాన్ని, సంకలనాన్ని, 1 నుండి తీసివేతను విద్యుత్తుతో చేసే పరికరాలే. పోలిక చేసేదానిని ఎక్స్‌నార్ ద్వారమని, లబ్ధం చేసేదానిని ఆండ్ ద్వారమని అంటారు. బూల్ మాత్రం తాళాలను గురించి ఏమీ తలచలేదు. మానవుని బుద్ధి నడిచే తీరును తెలుసుకోవడమే ఆయన ధ్యేయం.

ఐర్లండులో కొత్తగా ఏర్పడనున్న క్వీన్స్ కళాశాలలకు బూల్ 1846లోనే దరఖాస్తు చేసుకొన్నాడు. పట్టం లేని మనిషి ఆచార్య పదవిని కోరడం సాహసమే. డి మోర్గన్ వంటివారు యోగ్యతాపత్రాలు ఇచ్చారు. నిర్ణయం కోసం మూడేళ్లు ఎదురుచూశాడు. ఆ నిరీక్షణలోనే 1848 డిసెంబరులో తండ్రి కన్నుమూశాడు. దూరదర్శినిలో చుక్కలు చూపిన తండ్రికి, కొడుకు ఆచార్యుడు కావడం చూసే యోగం లేకపోయింది. 1849లో కార్క్ నగరంలోని కళాశాలకు తొలి గణితాచార్యుడుగా బూల్ నియమితుడైనాడు. బంగాళదుంప పంటకు తెగులు సోకి ఐర్లండులో సుమారు పది లక్షల మంది మరణించిన మహాక్షామం అప్పటికింకా పూర్తిగా శాంతించలేదు. ఆ నేల మీదనే ఆయన తన తర్కాన్ని మరింత విస్తరించి, ఆలోచనా నియమాలను పరిశోధించే మహాగ్రంథాన్ని 1854లో ప్రకటించాడు.

కార్క్‌లో గ్రీకు ఆచార్యుని మేనకోడలు మేరీ ఎవరెస్టు ఆయనకు పరిచయమైంది. ఆమెకు గణితం మీద మక్కువ. బూల్ వద్ద పాఠాలు చెప్పించుకొన్నది. తండ్రి మరణించి ఆమె నిరాధార కాగా 1855లో వారి వివాహం జరిగింది. వయస్సులో ఆయన పదిహేడేళ్లు పెద్ద. మేరీ పెదతండ్రి జార్జి ఎవరెస్టుతో మన ప్రాంతానికి సంబంధం ఉన్నది. భారతదేశపు మహా త్రికోణమితీయ సర్వేలో ఆయన 1818లో హైదరాబాదులో లాంబ్టన్‌కు సహాయకుడుగా చేరాడు. కృష్ణా గోదావరుల నడుమ అడవులలో కొలతలు తీస్తూ తీవ్రమైన జ్వరానికి గురైనాడు. ప్రపంచంలోకెల్ల ఎత్తైన శిఖరానికి ఆయన పేరే ఉన్నది. భారతీయ చింతన ఎవరెస్టు ద్వారా బూల్‌ను కూడా ప్రభావితం చేసిందని మేరీ వార్ధక్యంలో రాసింది. మనకు వినసొంపైన మాటే. కాని వివాహానికి ముందే, 1847 గ్రంథంలోనే ఆ బీజగణితం రూపు దిద్దుకొన్నది. కనుక ఆ మాటను ఎంత ప్రీతితో వింటామో అంత జాగ్రత్తతో గ్రహించాలి.

1857లో రాయల్ సొసైటీ బూల్‌ను సభ్యునిగా ఎన్నుకొన్నది. తొమ్మిదేళ్ల దాంపత్యంలో ఐదుగురు కుమార్తెలు కలిగారు. 1864 నవంబరులో ఒకనాడు ఇంటి నుండి కళాశాలకు దాదాపు మూడు మైళ్లు జోరువానలో నడిచి వెళ్లాడు. తడిసిన బట్టలతోనే పాఠం చెప్పాడు. తీవ్రమైన జ్వరంతో ఇల్లు చేరాడు. రోగకారణమే రోగానికి మందు అనే నమ్మకంతో మేరీ ఆయనకు తడి దుప్పట్లు చుట్టిందని చెబుతారు. డిసెంబరు 8న ఊపిరితిత్తుల వ్యాధితో బూల్ మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 49. పెద్ద కుమార్తెకు ఎనిమిదేళ్లు, చివరి కుమార్తెకు ఏడు నెలలు. మేరీ లండనుకు వెళ్లి ఒక కళాశాల గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తూ పిల్లలను పెంచింది. చిన్నపిల్లలకు గణితం బోధించే తీరుపై మంచి పుస్తకాలు రచించింది. కుమార్తెలలో అలీసియా నాలుగు పరిమాణాల జ్యామితిలో పరిశోధన చేసింది. లూసీ రసాయనశాస్త్రంలో కృషి చేసింది. చివరిదైన ఎథెల్ 1897లో గాడ్‌ఫ్లై అనే ప్రసిద్ధ నవల వెలువరించింది.

బూల్ గణితాన్ని ఆయన తరువాత తార్కికులు మెరుగుపెట్టారు. జెవన్స్ అనే పండితుడు పియానో వంటి మీటలతో తర్కం చేసే యంత్రాన్ని కూడా నిర్మించాడు. ఇంజనీర్లు మాత్రం డెబ్బై ఏళ్లపాటు దాని జోలికి పోలేదు. 1930లలో జపానులో నకాషిమా, అమెరికాలో క్లాడ్ షానన్ వేర్వేరుగా అటు దృష్టి సారించారు. షానన్ మిచిగన్ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర తరగతిలో బూల్ తర్కాన్ని చదివాడు. తరువాత మాసచూసెట్స్‌లో ఒక పెద్ద గణనయంత్రపు రిలేల మధ్య పనిచేశాడు. రిలే అంటే విద్యుదయస్కాంతంతో తెరుచుకొని మూసుకొనే స్విచ్. దానికీ రెండే స్థితులు. రెండు స్విచ్‌లను ఒకదాని వెంట ఒకటి కలిపితే రెండూ మూసుకొన్నప్పుడే విద్యుత్తు పారుతుంది. పక్కపక్కన కలిపితే ఏ ఒకటి మూసుకొన్నా చాలు. ఇవి బూల్ సమీకరణాలే కదా అని 1937లో 21 ఏళ్ల షానన్ తన పట్టపు వ్యాసంలో నిరూపించాడు.

ఆ వ్యాసంలో ఉదాహరణగా ఆయన రచించిన వలయాలలో ఒకటి విద్యుత్ తాళం. ముఖభాగాన ఎ, బి, సి, డి, ఇ అనే ఐదు మీటలు. మొదట సి, తరువాత బి, పిమ్మట ఎ, సి రెండూ ఒకేసారి, చివర డి నొక్కాలి. ఈ వరుసలో నొక్కితే తాళం తెరుచుకొంటుంది. తప్పు మీట తాకితే గంట మోగుతుంది. షానన్ ఇక్కడ మానవ స్వభావాన్ని మరువలేదు. ఎవరైనా రెండు వేళ్లను సరిగ్గా ఒకే క్షణంలో నొక్కలేరు. అందుచేత కొద్ది ఆలస్యాన్ని సహించే ప్రత్యేకమైన రిలేను ఒకటి అమర్చాడు. ఒక మీటను మాత్రమే నొక్కి ఎక్కువసేపు పట్టుకొంటే ఆ రిలే గంట మోగిస్తుంది.

ఇక్కడ బూల్ సమీకరణాలలో లేని ఒక అంశం ప్రవేశించింది. అది కాలం. రెండవ మీట నొక్కేటప్పటికి మొదటిది నొక్కిన సంగతి తాళానికి గుర్తుండాలి. షానన్ ఆ పనికి అదనపు రిలేలను వాడాడు. ఈనాడు ఫ్లిప్‌ఫ్లాప్ అనే చిన్న వలయాన్ని వాడుతున్నారు. 1918లో ఎకిల్స్, జోర్డన్ అనేవారు శూన్యనాళికలతో దీనిని తొలిసారి రూపొందించారు. ఇది 0 లేదా 1ని పట్టి ఉంచుకొంటుంది. దీనితో మన ప్రయోగశాలలోనే సులభమైన తాళం కట్టవచ్చు. రహస్య సంఖ్య 2749 అనుకొందాం. నాలుగు ఫ్లిప్‌ఫ్లాపులను వరుసగా పెట్టాలి. మొదటిదానికి ఎల్లప్పుడూ 1 అందిస్తూ, 2 అనే మీట నొక్కినప్పుడు మాత్రమే అది గ్రహించేటట్లు చేయాలి. రెండవది 7 నొక్కినప్పుడు మొదటిదాని విలువను తీసుకొంటుంది. మూడవది 4కు, నాలుగవది 9కి అట్లాగే. నాలుగవదానిలో 1 చేరగానే ట్రాన్సిస్టరు ద్వారా రిలే పనిచేసి గడియను లాగుతుంది. మిగిలిన ఆరు మీటలను ఒకే తీగకు కలిపి, వాటిలో ఏది నొక్కినా నాలుగూ 0 అయ్యేటట్లు అమర్చాలి. తలుపు మూసుకొనేటప్పుడు క్షణకాలం మాత్రమే నొక్కుకొనే స్విచ్‌ను కూడా ఆ తీగకే కలిపితే తాళం మళ్లీ పడుతుంది.

ఇందులో ఒక లోపం ఉన్నది. నాలుగంకెల సంఖ్యలు పదివేలు. కాని ఈ పద్ధతిలో ఒకే అంకె రెండుసార్లు రాకూడదు కనుక మిగిలేవి 10 × 9 × 8 × 7, అంటే 5040 మాత్రమే. అంతకంటె పెద్ద లోపం మరొకటి. 2, 4, 7, 4, 9 అని నొక్కినా తలుపు తెరుచుకొంటుంది. కాగితంపై గీసి చూడండి. తొందరపడి నొక్కిన 4 మూడవదానిలో 0ని మాత్రమే చేర్చింది, శిక్ష ఏమీ పడలేదు. దొంగకు ఇది సదుపాయం. దీనికి విరుగుడు మూడు ఆండ్ ద్వారాలు. 7 నొక్కేవేళకు మొదటిది 0గా ఉంటే, 4 నొక్కేవేళకు రెండవది 0గా ఉంటే, 9 నొక్కేవేళకు మూడవది 0గా ఉంటే అన్నీ చెరిగిపోవాలి. బూల్ రాసే తీరులో చివరిది తొమ్మిది × (1 − మూడవది) అవుతుంది. ఈ మూడింటినీ ఒక ఆర్ ద్వారంతో కలిపి చెరిపే తీగకు చేర్చాలి.